సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనే ముందు 14422కి ఒక మెసేజ్

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మెడ డిజైన్లు, కొలతలు అన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి ఫోన్ ఆగితే నా పని ఆగినట్టే. రెండేళ్ల కిందట అదే జరిగింది. ఊళ్లో ఒక షాపులో 8,500 పెట్టి పాత ఫోన్ కొన్నాను. బిల్లడిగితే "పాత ఫోన్లకి బిల్లేంటక్కా" అన్నాడు, నమ్మేశాను. సరిగ్గా శ్రావణమాసం ముందు, పని పీకల దాకా ఉన్నప్పుడు సిగ్నల్ పోయింది. మా ఆయన సిమ్ వేసినా అంతే. పక్కింటి వైఫైలో వాట్సాప్ మాత్రం వచ్చేది. తీరా చూస్తే అది ఎవరో పోగొట్టుకున్న ఫోన్, వాళ్లు ఫిర్యాదు చేసి బ్లాక్ చేయించారు. తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో ఇచ్చేశాను. డబ్బులు పోయిన బాధ కంటే, ఎవరి వస్తువో అన్నాళ్లు వాడానే అన్న బాధే ఎక్కువ.

ఈ ఏడు పాప డిగ్రీలో చేరింది, దానికో ఫోన్ కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. ఈసారి మాత్రం టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఉన్న కేవైఎం సేవ గురించి పాప ముందే తెలుసుకుంది. కేవైఎం అంటే 'నో యువర్ మొబైల్', మన ఫోన్ ఏ కంపెనీదో, ఏ మోడలో, బ్లాకయిందో లేదో చెప్పే సేవ. ఫోన్లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబర్ కనిపిస్తుంది. ఇంగ్లీషులో కేవైఎం అని మూడు అక్షరాలు కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబర్ వేసి 14422కి పంపాలి. అంతే.

డాబాగార్డెన్స్ వైపు చూసిన మొదటి ఫోన్ తళతళలాడుతోంది. పెట్టె కూడా ఇచ్చాడు. పెట్టె మీద నంబరూ, తెర మీద నంబరూ ఒకటే. నేనైతే అక్కడితో సరేననేదాన్ని. కానీ పెట్టె మీది స్టిక్కర్ ఓ మూల లేచి ఉంది. గోరుతో తాకితే కింద పాత జిగురు తగిలింది. విప్పి మళ్లీ కుట్టిన జాకెట్‌కి పాత సూది రంధ్రాలు కనపడవూ, అలాగ. మెసేజ్ పంపాం. చేతిలో ఉన్నది ఒక కంపెనీ ఫోను, జవాబులో వచ్చింది ఇంకో కంపెనీ పేరు, ఇంకో మోడల్! ఐఎంఈఐలో మొదటి ఎనిమిది అంకెలూ మోడల్‌ని బట్టి ఉంటాయట. అంటే ఇంకే ఫోన్ నంబరో దీనికి ఎక్కించారన్నమాట. "సర్వర్ తప్పక్కా" అన్నాడు కుర్రాడు. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికాం చట్టం ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆ మాట పాప అనగానే ఫోన్ లోపల పెట్టేశాడు.

తర్వాతి షాపులో అన్నీ సరిపోయాయి. రెండు సిమ్ముల ఫోన్ కాబట్టి నంబర్లూ రెండు, రెండూ విడివిడిగా పంపి చూశాం.

ఇంత మంచి సేవలో నాకు నచ్చనిది, జవాబు ఇంగ్లీషులో రావడం. పాప లేకపోతే నాకేం అర్థమయ్యేది? మన ఊళ్లో పాత ఫోన్లు కొనేది ఎక్కువగా నాలాంటివాళ్లే, తెలుగులో పంపితే ఎంత మేలు! వెబ్‌సైట్‌లోనూ చూడొచ్చు గానీ ఓటీపీ అదీ అడుగుతుంది. షాపు ముందు నిలబడి చేసేవాళ్లకి మెసేజే సుఖం.

ఒకటి గుర్తుపెట్టుకోండి. జవాబు బాగుందంటే ఆ రోజుకి ఫిర్యాదు లేదనే అర్థం. ఫోన్ పోయినవాళ్లు వారం తర్వాత ఫిర్యాదు చేస్తే అప్పుడు బ్లాకవుతుంది. అందుకే బిల్లు అడగాలి. నేను రెండు నంబర్లూ బిల్లు మీద షాపాయన చేతే రాయించి, సంతకం పెట్టించి, ముద్ర వేయించాను. బిల్లు మిషన్ సొరుగులో, టేపు కింద భద్రంగా ఉంది.