ఓడిపోతున్న హాకీ జట్టు: పోరాడాలా, చేతులెత్తేయాలా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కింది జట్లకు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ముందు ఎంపిక దక్కుతుంది. అందుకే సీజన్ సగంలో చతికిలబడ్డ జట్టుకు ఓడిపోవాలన్న ఆశ పుడుతుంది.

ఆ దారి ఒకప్పుడు బాగానే పనిచేసింది. 1983-84లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ చిట్టచివర నిలిచి మారియో లెమ్యూ అనే మేటి ఆటగాణ్ణి దక్కించుకుంది. 1991, 1992లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. అయితే మొదటి ఎంపిక ఎవరిదో అదృష్టంతో తేల్చే లాటరీ అప్పట్లో లేదు, ఆఖరి జట్టుకే మొదటి ఎంపిక.

1995 నుంచి లాటరీ ఉంది. 2014-15లో బఫెలో సేబర్స్ కన్ను ఆ ఏటి డ్రాఫ్ట్‌లో మేటి కుర్రాడైన కానర్ మెక్‌డేవిడ్ మీద పడింది. మార్చిలో బఫెలో సొంత మైదానంలో ప్రత్యర్థి అరిజోనా ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి గెలిస్తే బఫెలో అభిమానుల్లో చాలామంది సంబరపడ్డారు. వాళ్ల ఆటగాళ్లు అక్కడే ఐస్ మీద ఉన్నారు, పాపం! తీరా లాటరీలో మెక్‌డేవిడ్ ఎడ్మంటన్ పాలయ్యాడు. బఫెలోకి వచ్చిన జాక్ ఐకెల్ 2021లో వేగస్‌కు మారి, 2023లో అక్కడే కప్ ఎత్తాడు. 2011లో ప్లేఆఫ్స్ (కప్ కోసం జరిగే చివరి దశ పోటీలు) ఆడిన బఫెలో, 2025 దాకా మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పోరాడే దారికి ఉదాహరణగా సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు ఉంది. 2019 జనవరి మొదట్లో లీగ్‌లో అందరికన్నా కింద. కొత్త గోల్‌కీపర్ జోర్డాన్ బినింగ్టన్ నిలబడ్డాడు, జూన్‌కల్లా కప్ వచ్చేసింది. ఇది అరుదే, ఒప్పుకుంటాను.

నా ఓటు మాత్రం పోరాటానికే. వయసు మళ్లిన ఆటగాళ్లను అమ్ముకోండి, కుర్రాళ్లను దింపండి, తప్పులేదు. కానీ టికెట్ కొన్నవాడు సొంత జట్టు ఓటమికి చప్పట్లు కొట్టే స్థితి తెచ్చుకోవద్దు.