సోలార్ కరెంటుకు ఫిక్స్‌డ్ రేటు మేలా, వేలంపాట మేలా?

పోయిన నెల అలంపూర్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, మన చెలకలో సోలార్ ప్లాంటు పెట్టుకోమంటున్నారు, యూనిట్‌కి మూడు రూపాయల పదమూడు పైసలంట, ఇరవై అయిదేళ్లు అదే రేటంట, నమ్మొచ్చంటావా?" అని. రాళ్లు తేలిన నాలుగెకరాలు అది, వానాకాలంలో కంది వేస్తే వేసినట్టు, లేకపోతే బీడు. నేను గంటసేపు మాట్లాడినా అటో ఇటో తేల్చి చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆయన అడిగిన దాంట్లోనే ముప్పై ఏళ్లుగా ప్రభుత్వాలు తేల్చుకోలేకపోతున్న పెద్ద ప్రశ్న ఉంది. సోలార్, గాలి కరెంటు పెరగాలంటే ప్రభుత్వం ఒక రేటు ప్రకటించి ఆ రేటుకు ఎవరు తెచ్చినా కొనాలా, లేక వేలం పెట్టి ఎవరు తక్కువకు ఇస్తానంటే వాళ్ల దగ్గరే కొనాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. వందల మెగావాట్ల కంపెనీలకు వేలమే సరైనది, బావ లాంటి రైతుకూ ఇంటి కప్పు మీద పెట్టుకునేవాడికీ ఫిక్స్‌డ్ రేటే సరైనది. ఎందుకో చెప్తాను.

ఫిక్స్‌డ్ రేటు అంటే ఎవరో మంత్రిగారి నోటికి వచ్చిన అంకె అనుకుంటారు చాలామంది. దానికో లెక్క ఉంది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అదే మనం ఈఆర్సీ అంటామే, అది ఒక మెగావాట్ ప్లాంటుకు ఎంత ఖర్చవుతుంది, అందులో 70 శాతం అప్పు తెస్తే వడ్డీ ఎంత, పెట్టిన సొంత డబ్బు మీద ఎంత రాబడి ఇవ్వాలి, ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయి అని అన్నీ కూడి, యూనిట్ల మీద భాగించి రేటు తేలుస్తుంది. 2003 విద్యుత్ చట్టం 86(1)(ఇ) సెక్షన్ ఈ పనిని ఈఆర్సీల మీదే పెట్టింది: పునరుత్పాదక కరెంటును ప్రోత్సహించండి, డిస్కమ్‌లు, అంటే మన ఇళ్లకు కరెంటు పంచే కంపెనీలు, ఇంత శాతం తప్పనిసరిగా కొనాలని చెప్పండి అని.

ఈ పద్ధతికి జర్మనీ పెట్టింది పేరు. వాళ్లు 2000లో తెచ్చిన చట్టం ప్రకారం ఎవరు సోలార్ పెట్టినా గ్రిడ్ వాళ్లు ముందుగా ఆ కరెంటే తీసుకోవాలి, ఇరవై ఏళ్లు ఒకే రేటు కట్టాలి. రేటు ముందే తెలిస్తే బ్యాంకు ధైర్యంగా అప్పు ఇస్తుంది, అదీ అసలు కీలకం. అందుకే అక్కడ రైతులు, ఊరి సహకార సంఘాలు, మామూలు కుటుంబాలు పెట్టుకున్న ప్లాంట్లు ఒక దశలో దేశం మొత్తం పునరుత్పాదక సామర్థ్యంలో దాదాపు సగం ఉండేవి. కాకపోతే ఆ రేటుకూ మార్కెట్ రేటుకూ మధ్య తేడా జనం బిల్లులోనే పడింది. 2014 నాటికి యూనిట్ మీద 6.24 యూరో సెంట్ల అదనపు భారం. చివరికి 2022 జూలై నుంచి దాన్ని బిల్లుల్లోంచి తీసేసి బడ్జెట్ మీద వేసుకున్నారు. ఫిక్స్‌డ్ రేటుకు అసలు జబ్బు ఇదే. ప్యానెళ్ల ధర బయట జారిపోతూ ఉంటుంది, పుస్తకంలో అంకె మాత్రం అక్కడే ఉంటుంది.

ఇక మన సంగతి. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర ఈఆర్సీ కట్టిన లెక్క యూనిట్‌కి 17 రూపాయల 91 పైసలు. అవును, పదిహేడు. ఆ రేటు దగ్గర మొదలుపెట్టి ఎవరు ఎంత తగ్గిస్తారో చెప్పండని కంపెనీలను అడిగితే, అదే ఏడాది చివర్లో ఒకరు 10.95కే ఇస్తామన్నారు. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99. పదేళ్లలో పదిహేడు నుంచి రెండుకు. డిస్కమ్‌లు ఎప్పుడూ నష్టాల్లోనే ఉండే దేశంలో ఇది చిన్న సంగతి కాదు, వేలం గురించి ఎవరేమన్నా నేను దాన్ని తీసిపారేయలేను.

కానీ ఒక మాట మనసులో పెట్టుకోవాలి. ఆ తగ్గుదల అంతా వేలం గొప్పతనమే అంటే నేను ఒప్పుకోను. ప్యానెల్ ధరే ప్రపంచమంతా పడిపోయింది. అది ఎందుకు పడింది? జర్మనీ, ఇటలీ, స్పెయిన్ లాంటి దేశాలు ఎక్కువ రేటు ఇచ్చి ఏళ్ల తరబడి కొన్నాయి, ఆ గిరాకీ చూసి చైనాలో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు లేచాయి, సరుకు చవకైంది. అంటే ఈరోజు మన వేలంలో రెండున్నర రూపాయల రేటు పలుకుతోందంటే దాని వెనక జర్మన్ ఇల్లాలు ఇరవై ఏళ్లు కట్టిన బిల్లు ఉంది.

వేలంలో గెలిస్తే సరిపోదు, కట్టాలి కదా. మాది కర్నూలు, మాకు దగ్గర్లోనే గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, దాదాపు 6 వేల ఎకరాలు. నేను రెండుసార్లు వెళ్లాను. గుట్ట ఎక్కి చూస్తే కింద చెరువులా నీలంగా మెరుస్తూ ఉంటుంది, దగ్గరికి వెళ్తే వేసవిలో ఆ ప్యానెళ్ల మీద ఎర్రటి దుమ్ము వేలితో గీస్తే గీత పడేంత మందంగా ఉంటుంది. ఆ పార్కులో 500 మెగావాట్లకు 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వ కరెంటు కంపెనీ ఎన్టీపీసీ వేలం పెడితే సన్‌ఎడిసన్ అనే అమెరికా కంపెనీ 4.63కు పాడింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ, పేపర్లన్నీ రాశాయి. ఆరు నెలలు తిరక్కుండానే, 2016 ఏప్రిల్‌లో, ఆ కంపెనీ అమెరికాలో దివాళా పిటిషన్ వేసింది. చివరికి గ్రీన్‌కో అనే ఇంకో కంపెనీ దాని ఇండియా ఆస్తులు కొని ఆ పని పూర్తి చేసింది. మన అదృష్టం బాగుండి పూర్తయింది. భూమి ప్రభుత్వమే చూపించి, లైన్లు వేసి, కొనేవాడిగా ఎన్టీపీసీ ఉంది కాబట్టి ఇంకొకడు ముందుకొచ్చాడు. అవేవీ లేని చోట ఇలా అయితే ఆ వేలం కాగితం మీదే మిగిలేది.

గాలిమరల విషయంలో దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. 2016-17 దాకా ఫిక్స్‌డ్ రేటే, ఆ ఏడాది దేశంలో 5,500 మెగావాట్ల గాలి కరెంటు కొత్తగా వచ్చింది. 2017 ఫిబ్రవరిలో మొదటి వేలంలో 3.46 రేటు పలికింది. ఇక రాష్ట్రాలన్నీ పాత రేట్లకు సంతకాలు ఆపేశాయి, మరుసటి సంవత్సరం కొత్తగా వచ్చింది 1,800 మెగావాట్లు కూడా లేదు. అందరూ గాలి బాగా వీచే గుజరాత్, తమిళనాడు మూలలకే ఎగబడ్డారు, ఎందుకంటే పైసాల్లో గెలుపోటములు తేలే ఆటలో ఇంకెక్కడ పెట్టినా గిట్టదు. 2023 మొదట్లో కేంద్రమే గాలికి రివర్స్ వేలం, అంటే ఒకరి రేటు చూసి ఇంకొకరు తగ్గించుకుంటూ పోయే పాట, ఆపేసి సీల్డ్ బిడ్లకు మారతామని ప్రకటించింది. రేటు మీద రేటు తగ్గించుకుంటూ చివరికి గిట్టని చోట ఆగడం వల్ల ఎవరికీ లాభం లేదని అర్థమయ్యాకే ఆ మాట అన్నారు.

మన ఆంధ్రా కథ చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. రాష్ట్రం గాలి కరెంటుకు యూనిట్‌కి 4.84 దాకా ఇస్తామని పాతికేళ్ల ఒప్పందాలు చేసుకుంది. తర్వాత బయట వేలంలో 2.43కే దొరుకుతోందని తేలింది. 2019 జూలై 1న కొత్త ప్రభుత్వం జీవో 63 ఇచ్చి, ఒప్పందాలు మళ్లీ మాట్లాడుకుందామని కమిటీ వేసింది. వేలంలో తేలిన సోలార్ రేట్లను కూడా వదల్లేదు. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. సెప్టెంబరులో కోర్టు, ప్రస్తుతానికి గాలికి 2.43, సోలార్‌కి 2.44 చొప్పున కట్టండని మధ్యంతరంగా చెప్పింది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దాన్ని పక్కన పెట్టి, ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలి, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలి అంది.

ప్రభుత్వం బాధ నాకు అర్థం కాకపోలేదు. సగం రేటుకు దొరికేదాన్ని రెట్టింపు పెట్టి కొంటూ ఉంటే ఆ భారం మళ్లీ మన బిల్లు మీదే. కానీ సంతకం పెట్టిన కాగితం మూడేళ్లు కోర్టులో నలిగితే తర్వాత ఎవడు వస్తాడు? రాష్ట్రంలో గాలి కరెంటు సామర్థ్యం నాలుగు వేల మెగావాట్ల దగ్గర ఏళ్ల తరబడి అలాగే నిలబడిపోయింది. ఈ దెబ్బలో ఫిక్స్‌డ్ రేటువాళ్లూ, వేలంలో గెలిచినవాళ్లూ ఇద్దరూ పడ్డారు, అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఏ పద్ధతిలో రేటు తేల్చినా డబ్బు సమయానికి రాకపోతే రెండూ ఒకటే.

వేలానికి ఇంకో తిప్పలు కూడా ఉంది. ఈరోజు 2.60కి గెలిచిన ప్రాజెక్టును చూసి డిస్కమ్‌లు "వచ్చే ఏడాది ఇంకా తగ్గుతుందేమో, ఆగుదాం" అంటాయి. 2025 నాటికి ఇలా వేలం పూర్తయ్యీ, కొనే రాష్ట్రం సంతకం పెట్టక ఆగిపోయినవి దేశంలో 40 వేల మెగావాట్లకు పైగా ఉన్నాయి. ఎవరైనా సంతలో బేరం కుదిర్చి, సరుకు తీసుకోకుండా పక్క కొట్టు వైపు చూస్తూ నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇప్పుడు ఇంటి కప్పు సంగతి. మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించాను, పీఎం సూర్యఘర్ కింద 78 వేల సబ్సిడీ వచ్చింది. మీటర్ మీద బటన్ నొక్కితే ఒకసారి మనం తీసుకున్న యూనిట్లు, ఇంకోసారి మనం పంపిన యూనిట్లు చూపిస్తుంది, నెలకోసారి రెంటికీ తేడా తీసి బిల్లు వేస్తారు, దీన్నే నెట్ మీటరింగ్ అంటారు. దీన్ని రేటు అని ఎవరూ పిలవరు గానీ, ఆలోచిస్తే ఇదీ ఫిక్స్‌డ్ రేటే, అదీ అన్నిటికన్నా మంచి రేటు. ఎందుకంటే నా సోలార్ యూనిట్ ముందుగా నా బిల్లులోని పై స్లాబును తినేస్తుంది. 225 దాటితే యూనిట్ 8.75 పడే చోట, నా కప్పు మీది యూనిట్ విలువ కూడా 8.75 అన్నట్టే. అదే గ్రాస్ మీటరింగ్ అయితే పుట్టిన ప్రతి యూనిట్ వాళ్లకు తక్కువ రేటుకు ఇచ్చి, మనం వాడేది పూర్తి రేటుకు కొనాలి. మామూలు ఇంటికి రెండోది ఏ లెక్కనా గిట్టదు. 2021లో కేంద్రం 500 కిలోవాట్ల దాకా నెట్ మీటరింగ్ హక్కుగా ఉంచింది, అది చాలా మంచి పని.

కాకపోతే ఇందులో నాలాంటి వాళ్లకే లాభం, కరెంటు ఎక్కువ కాల్చేవాళ్లకు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లే లేని ఇంటికి కప్పు మీద ప్యానెల్ ఎందుకు? ఆ కుటుంబానికి పనికొచ్చేది నెట్ మీటరింగ్ కాదు, ఊళ్లో పెట్టిన చిన్న ప్లాంటులో వాటా, లేదా రైతు పొలంలో సోలార్ పెట్టించే కేంద్ర పథకం కుసుమ్ లాంటి దాంట్లో పొలం మీద వచ్చే ఆదాయం.

అక్కడికే వస్తున్నాను. బావకు చెప్పింది పీఎం కుసుమ్‌లో మొదటి భాగం, అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల దాకా, సబ్‌స్టేషన్‌కి అయిదు కిలోమీటర్ల లోపు పొలంలో. మెగావాట్‌కు నాలుగెకరాలు చాలు. ఏడాదికి పదిహేను లక్షల యూనిట్లు అనుకుంటే 3.13 చొప్పున 47 లక్షలు. వినడానికి బాగుంది. పెట్టుబడి మూడు కోట్ల పైమాటే, అందులో 70 శాతం అప్పు తెస్తే మొదటి ఏళ్లలో వడ్డీ, అసలు కలిపి ముప్పై అయిదు నుంచి నలభై లక్షలు పోతుంది, కడగడం, కాపలా, ఇన్వర్టర్ రిపేరు, ఇన్సూరెన్స్ తీస్తే మిగిలేది కొంచెమే. అప్పు తీరాక అసలు ఆదాయం. ఈ లెక్కలో డిస్కమ్ ఆరు నెలలు డబ్బు ఆపిందంటే పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, రైతు వాయిదా మాత్రం అక్కడే తప్పుతుంది. ఇలాంటి రైతును పెద్ద కంపెనీలతో వేలంలో దింపితే ఇంకేం ఉంటుంది? రెండు రూపాయల యాభై పైసలకు వందల మెగావాట్లవాడు ఇవ్వగలడు, ప్యానెళ్లు ఓడల లెక్కన కొంటాడు, వాడి వడ్డీ తక్కువ. ఈయన ఇవ్వలేడు.

మరి ఆ అదనపు అరవై పైసలు ఎందుకు పెట్టాలి అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటుంది. ఆ కరెంటు పుట్టేది ఊరి సబ్‌స్టేషన్ పక్కనే, మధ్యాహ్నం మోటార్లు ఆడే వేళ, వందల కిలోమీటర్ల లైను, దారి నష్టం అక్కర్లేదు. పైగా మొదటి అయిదేళ్లు డిస్కమ్‌కు కేంద్రమే యూనిట్‌కి 40 పైసల ప్రోత్సాహకం ఇస్తుంది. 2023 అక్టోబరులో కేంద్రం కొత్త కొనుగోలు శాతాలు ప్రకటించినప్పుడు చిన్న ప్లాంట్లకు విడిగా వాటా పెట్టింది, 2024-25లో 1.5 శాతం, 2029-30 నాటికి 4.5 శాతం. మొత్తం లక్ష్యం 29.91 నుంచి 43.33 శాతానికి పోవాలి. చిన్నవాళ్లకు ఉన్నది అందులో చిన్న ముక్క, ఆ ముక్కను వేలం పెట్టకుండా వదిలేస్తే చాలు.

బావకు మూడు సంగతులు చూసుకోమన్నాను: సబ్‌స్టేషన్ దాకా లైను ఖర్చు ఎవరిది, ఒప్పందంలో ఆలస్యానికి వడ్డీ రాసి ఉందా, బ్యాంకు మొదటి వాయిదా ఎప్పటి నుంచి అడుగుతుంది. అవి తేలకపోతే కంపెనీకి కౌలుకు ఇవ్వడం మేలని కూడా చెప్పాను, పథకంలో ఆ దారి ఉంది. సోమవారం ఆయన సబ్‌స్టేషన్‌కి పోయి వచ్చాడు. దూరం 1.8 కిలోమీటర్లు. లైను ఖర్చు ఆయనదేనట, ఎంత అవుతుందో ఇంకా ఎస్టిమేట్ ఇవ్వలేదు. బ్యాంకు మేనేజరు డిస్కమ్ పేరు వినగానే "వాళ్లు నెలనెలా కడతారా?" అని అడిగాడట.