పిడి తోలు మార్చిన మూడేళ్లకు

నా లాంగ్‌బోకు, అంటే మనిషి ఎత్తు ఉండే సాదా కట్టె విల్లుకు, పిడి తోలు మార్చి ఈ సంక్రాంతికి మూడేళ్లు నిండాయి. ఈ మూడేళ్లలో ఆ తోలు పిడి మీద వెంట్రుకవాసి కూడా పక్కకు తిరగలేదు. ఈ ఒక్క గుణం కోసమే ఇంత వివరంగా రాయడానికి కూర్చున్నాను, ఎందుకంటే అంతకు ముందు వేయించిన తోలు తిరిగిపోయి నా వేసవినొకదాన్ని పూర్తిగా తినేసింది.

విల్లుతో పాటు వచ్చిన తోలు చాలా ఏళ్లు నిలిచింది. బొటనవేలి మొదలు ఆనే చోట నల్లబడి, చెమట ఉప్పుకు గట్టిపడి, అంచులు పెచ్చుల్లా లేచిన తరువాత దాన్ని తీసేయక తప్పలేదు. సోఫాలు, కారు సీట్లు కుట్టే ఒక దుకాణంలో కొత్త తోలు వేయించాను. మెత్తని క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది), నున్నగా పూసిన జిగురు, సూటిగా వచ్చిన కుట్టు. చూడడానికి ఏ లోపమూ లేదు. వేయించింది నవంబరులో కాబట్టి చలికాలమంతా అది రాయిలా పట్టుకుని ఉంది. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా అడిగితే ఆ పనిని మెచ్చుకుంటూనే చెప్పేవాణ్ణి.

ఏప్రిల్ చివర నుంచి బాణాలు ఎడమకు పోవడం మొదలైంది. శంషాబాద్ అవతల మా బావమరిది మామిడితోటలో ఆదివారాలు సాధన చేస్తాను. మొదటి పది బాణాలు బాగానే పడేవి, ఆ తరువాత ఒక్కొక్కటే గురికి పెట్టిన చాపకు ఎడమ అంచు వెతుక్కునేది. తప్పు నా వేళ్లదే అనుకున్నాను. నారి వదిలే తీరు మార్చాను, మోచేయి ఎత్తు మార్చాను, దవడ దగ్గర చేయి ఆనించే చోటు మార్చాను. ఐదు ఆదివారాలు ఇలాగే గడిచాక, ఒక సాయంత్రం విల్లును గుడ్డతో తుడుస్తుంటే కుట్టు గీత కంటపడింది. విల్లు వెన్నుకు, అంటే గురి వైపు ఉండే ముఖానికి, సరిగ్గా నడిమిన ఉండాలని దగ్గర నిలబడి వేయించుకున్న గీత ఆరు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంది. పిడికిలి బిగించి కొద్దిగా తిప్పి చూస్తే తోలు వదులు గాజులా నెమ్మదిగా కదిలింది. చేయి తీయగానే వెనక్కి రాలేదు, జరిగిన చోటే ఆగిపోయింది. ఎండలో ఆగిన కారులోంచి విల్లు తీసిన రోజుల్లోనే ఇది ఎక్కువగా జరిగిందని అప్పుడు అర్థమైంది. అలా కారులో ఉంచడం కట్టెకు కూడా మంచిది కాదు, ఆ అలవాటు అప్పుడే మానేశాను. హైదరాబాదు మే నెల వేడికి జిగురు మెత్తబడుతుంది, బిగువు లేకుండా అంటించిన తోలుకు జిగురు తప్ప మరో ఆధారం ఉండదు.

ఇతర విళ్లు వేసేవారికి ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. మన వైపు విలువిద్య అనగానే గుర్తొచ్చేది హాంగ్‌జౌ ఏషియాడ్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, ఆమె చేతిలోని కప్పీల కాంపౌండ్ విల్లు. అటువంటి విల్లుకు పిడి అచ్చుపోసినట్టు ఉంటుంది, బాణానికి వేరే ఆధారం ఉంటుంది. లాంగ్‌బోలో బాణం కూర్చునేది చూపుడువేలి కణుపు మీద. చేయి రవ్వంత తిరిగితే బాణం కూర్చునే చోటూ, అది కట్టెను రాసుకుంటూ వెళ్లే కోణమూ రెండూ మారిపోతాయి. పాత నిఘంటువుల్లో విల్లు నడిమి భాగానికి లస్తకం అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది.

తోలు తీయడం సులభమే. దారం తెంపి, హెయిర్ డ్రయర్ వేడి చూపిస్తే అట్టలా ఊడి వచ్చింది. మిగిలిన జిగురును స్పిరిట్‌తో తుడిచినప్పుడే పొరపాటు జరిగింది. గుడ్డకు జిగురుతో పాటు గోధుమరంగు కూడా అంటింది. మా వీధి వడ్రంగికి చూపిస్తే, "స్పిరిట్ ఎందుకు పెట్టిన్రు సార్, అది లక్క పాలిష్, దాన్ని కలిపేదే స్పిరిట్‌ల" అని, పోయిన చోట మళ్లీ నాలుగు పూతలు వేసి ఇచ్చాడు. తోలు కిందికి పోయే భాగం కాబట్టి బయటికి కనిపించదు. అయినా మీ విల్లుకు ఏ పూత ఉందో తెలియకుండా స్పిరిట్ ముట్టించకండి. గోటితో, రబ్బరు ముక్కతో ఓపికగా దొర్లిస్తే జిగురు దానంతట అదే ఉండలు కట్టి వచ్చేస్తుంది.

రెండోసారి తోలు కోసం పాతబస్తీలో జీనులు, బెల్టులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. క్రోమ్ తోలు వద్దు చాచా అన్నాను. లోపలి గదిలోంచి చెట్ల బెరడుతో పదును చేసిన మేకతోలు తెచ్చి, గోటితో నొక్కి చూపించారు. గోటి గుర్తు అలాగే నిలిచింది. ఈ తోలు నీళ్లు తాగి మెత్తబడి, ఆరేటప్పుడు దేని మీద ఉంటే దాని ఆకారం పడుతుందట. మన తంగేడు బెరడు, తుమ్మ చెక్క, కరక్కాయ, ఇవన్నీ తోలు పదునుకు తరతరాలుగా వాడినవే. రాష్ట్ర పుష్పంగా మనం ఎంచుకున్న తంగేడు చెట్టుకు ఈ పని కూడా ఉందని నాకు అప్పటివరకు తట్టలేదు.

పిడి చుట్టుకొలత 104 మిల్లీమీటర్లు వస్తే తోలును 101కి కోశాను. అసలు కీలకం ఈ మూడు మిల్లీమీటర్ల లోటే. తోలు పొడిగా ఉన్నప్పుడు అంచులు కలవవు, పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానిన తరువాత లాగితే కలుస్తాయి. పై అంచును రంపెతో కాగితమంత పలచగా చెక్కాను, లేకపోతే బాణం కణుపు మీద కాకుండా తోలు గట్టు మీద కూర్చుంటుంది. నాలుగు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఆరెతో ముందే బెజ్జాలు వేసి, మైనం పట్టించిన దారంతో, రెండు సూదులతో, జడ అల్లినట్టు అడ్డంగా కుట్టుకుంటూ వచ్చాను. ప్రతి రెండు కుట్లకు ఒకసారి ఆగి బిగించాలి. జిగురు చుక్క కూడా వాడలేదు. చాచా చెప్పినట్టు ఎండ తగలనివ్వకుండా నీడలోనే రెండు రోజులు ఆరనిచ్చాను. మూడో రోజు పొద్దున పట్టుకుని చూస్తే, తోలు కింద కట్టె అంచులు వేళ్లకు స్పష్టంగా తెలిశాయి. పిడికిలితో ఎంత మెలిపెట్టినా కదలలేదు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, ఆ పొద్దున్నే తోటకు బయలుదేరాను.

ఒక నష్టం మాత్రం జరిగింది. కుట్టు మొదలుపెట్టేటప్పుడు తడి తోలు జారకుండా రెండు ఇనుప క్లిప్పులు పెట్టి, అలాగే రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి క్లిప్పు ఆనిన చోటల్లా సిరా పోసినట్టు నల్లని మచ్చలు పడ్డాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం కలిపిన నీరు నలుపుగా తేలేది ఇదే గుణం వల్ల. బెరడులోని వగరు, ఇనుము, తడి మూడూ కలిస్తే ఆ రంగు ఇక పోదు. మూడేళ్ల చేతి వాడకానికి తోలంతా ముదురు రంగు తిరిగి, ఇప్పుడు ఆ మచ్చలు వెతికితేనే కనిపిస్తాయి.

వెంట్రుకవాసి కదలలేదని మొదట్లో రాశాను. పక్కకు తిరగలేదన్న మాట నిజమే. కానీ గత శ్రావణం నుంచి కింది అంచు కొంచెం వదులైంది, అక్కడ ఇప్పుడు గోరు దూరుతుంది. అందులో నా తప్పు కొంత ఉండవచ్చు. మొదటి ఏడాది మంచిదనుకుని నెలకోసారి కొబ్బరినూనె రాశాను, అది తోలును అవసరానికి మించి మెత్తబరిచింది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు తేనెమైనం మాత్రమే రుద్దుతున్నాను. వానాకాలంలో రెండు వారాలు విల్లు ముట్టకపోతే తోలు మీద తెల్లని బూజు పడుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే పోతుంది, కానీ క్రోమ్ తోలుకు ఈ బాధ ఎప్పుడూ రాలేదు. కుట్టు వెన్ను వైపు పెట్టడం వల్ల అరచేతికి హాయిగా ఉంటుంది, అయితే మొదటి రెండు నెలలు వేళ్ల కొసలకు ముడులు తగులుతూనే ఉన్నాయి.

పిడికి తోలే ఎందుకని ఒక స్నేహితుడు అడుగుతుంటాడు. 1545లో మునిగి 1982లో పైకి తెచ్చిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకలో దొరికిన లాంగ్‌బోలకు తోలు పిడి లేదన్నది అతని వాదన. అది నిజమే, నా దగ్గర దానికి ఖండన లేదు. నా చేయి వట్టి కట్టె మీద ప్రతిసారీ ఒకే చోటు పట్టుకోలేదు, తోలు మీద పట్టుకుంటుంది, అంతవరకే చెప్పగలను.

నాది 38 పౌండ్ల విల్లు, అంటే నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలం అంత. వారానికి ఒక పూట, డెబ్భై బాణాలకు మించి వేయను, అరచేయి పెద్దగా చెమర్చదు. రోజూ సాధన చేసేవారికి, ఇంతకంటే బరువైన విల్లు లాగేవారికి, మేకతోలు ఇంత పలచగా ఉంటే మూడేళ్లు రాకపోవచ్చు, దూడతోలు చూసుకోవడం మేలేమో. విల్లును చల్లని గదిలోంచి తీసి అక్కడే వేసి అక్కడే పెట్టేవారికి జిగురుతో అంటించిన క్రోమ్ తోలు కూడా సరిపోవచ్చు. నా విషయానికొస్తే, చాచా దగ్గర అదే రకం తోలు ఇంకో ముక్క తెచ్చి, బీరువాలో పాత నూలు పంచెలో చుట్టి పెట్టాను. కింది అంచు వదులు మరో వానాకాలానికి సగం దాకా పాకితే మళ్లీ కుడతాను, ఈసారి ఇత్తడి క్లిప్పులతో.