డాబా మీద డ్రోన్ దింపడం: ఆటోనా, స్టిక్కా?

హైదరాబాద్‌లో ఖాళీ మైదానం అందరికీ ఎక్కడ దొరుకుతుంది? చాలామందికి డాబాయే దిక్కు. ఆటో అంటే, రిటర్న్ టు హోమ్ నొక్కితే డ్రోన్ తనంతట తానే ముందే సెట్ చేసిన ఎత్తుకు లేచి, జీపీఎస్‌లో గుర్తుపెట్టుకున్న చోటికి వచ్చి దిగుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ జీపీఎస్ లెక్క ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ అయితే మైదానంలో ఫర్వాలేదు, డాబా మీదైతే అది పిట్టగోడ అవతలే. కేబుల్ వైర్లు, బట్టల తాడు, సంక్రాంతికి చిక్కుకుపోయిన మాంజా లాంటి సన్నటివి సెన్సర్లకు సరిగా ఆనవు. కూల్ పెయింట్ కొట్టి గీతా మచ్చా లేకుండా తెల్లగా మెరిసే డాబా అయితే డ్రోన్ అడుగునుండే కెమెరాకు పట్టే దొరకదు; పూల డిజైన్ చాప ఒకటి పరిస్తే నయం.

రిమోట్ మీది స్టిక్‌తో మీరే దింపితే వాటర్ ట్యాంకునీ వైర్లనీ మీ కళ్లే చూసుకుంటాయి. నిటారుగా గబగబా దింపకండి, తన రెక్కల గాలిలోనే చిక్కుకుని ఊగిపోతుంది. నేల తాకాక కూడా మోటార్లు ఆగేదాకా స్టిక్ కిందికే పట్టి ఉంచాలి.

నా ఓటు స్టిక్‌కే. సిగ్నల్ తెగినప్పుడు మాత్రం ఆటోనే గతి, అందుకే ఎగరేసేముందు రిటర్న్ ఎత్తును పక్క అపార్ట్‌మెంట్ కన్నా పైకి పెట్టుకోండి.