70-200 ఎఫ్2.8 లేక 150-600: పిట్టలకీ ఆటలకీ ఏది మేలు?

పులికాట్ సరస్సుకి ఫ్లెమింగోలు వచ్చే కాలం దగ్గర పడితే చాలు, తిరుపతిలో కెమెరా ఉన్నవాళ్ల నుంచి ఇదే ప్రశ్న. "అన్నా, 70-200 ఎఫ్2.8 తీసుకోవాలా, 150-600 తీసుకోవాలా?" అడిగేవాళ్లకి పిట్టలూ కావాలి, ఆదివారం మ్యాచ్‌లూ కావాలి. డబ్బు మాత్రం ఒక్క లెన్సుకే ఉంటుంది. ఇక్కడ 70-200, 150-600 అనేవి లెన్సు దూరాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే మిల్లీమీటర్లు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది.

షార్ప్‌నెస్ చార్టులు చూసి బుర్ర పాడుచేసుకోకండి. నన్నడిగితే తేల్చాల్సింది ఒక్కటే: మీరు ఎక్కువగా ఏ వేళలో ఫొటోలు తీస్తారు?

70-200 ఎఫ్2.8కీ, 600 దగ్గర ఎఫ్6.3కి చేరే 150-600కీ మధ్య వెలుతురు తేడా దాదాపు ఐదు రెట్లు. ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ తీస్తున్నారనుకోండి. రైడర్ కాలు సాచిన క్షణం చెదరకుండా రావాలంటే సెకనులో వెయ్యో వంతు (1/1000) షట్టర్ కావాలి. ఐఎస్ఓ అంటే కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలన్న అంకె; అది పెరిగేకొద్దీ ఫొటోలో చుక్కల్లాంటి నాయిస్ వస్తుంది. ఎఫ్2.8లో ఐఎస్ఓ 3200తో గడిచే చోట ఎఫ్6.3లో 16000 దాకా పోవాలి. స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు. అది మీ చేతి వణుకును ఆపుతుంది, రైడర్‌ని ఆపదు. పైగా ఆ మసక వెలుతురులో ఆటోఫోకస్ కూడా తడుముకుంటుంది. రాత్రి టోర్నమెంట్లే మీ పనైతే ఇక్కడితో చదవడం ఆపి 70-200 కొనేయండి.

కానీ మనవాళ్లు తీసే ఆటల్లో రాత్రివి ఎన్ని? స్కూల్ స్పోర్ట్స్ మీట్లు, యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దుటి క్రికెట్, అన్నీ ఎండలోనే కదా. నిండు ఎండలో ఎఫ్6.3 దగ్గర కూడా ఐఎస్ఓ 200కే 1/1250 వచ్చేస్తుంది. అక్కడ ఎఫ్2.8 వల్ల వెనక జనం కాస్త మసకబారడం తప్ప పెద్ద లాభం లేదు. బౌండరీ బయట నిలబడి బ్యాట్స్‌మన్ ముఖం కావాలంటే 200 ఏ మూలకూ చాలదు. కనుమ నాడు రంగంపేట పశువుల పండుగ మాత్రం వేరే లెక్క. ఎద్దు వీధిలో మన మీదికే వస్తుంటే 150 దగ్గర మొదలయ్యే లెన్సులో కొమ్ములు తప్ప ఏమీ పట్టవు. అక్కడ 70-200 రాజా.

పిట్టల సంగతికొస్తే లెక్క ఇంకా తేలిక. 200లో తీసి 600లా కనిపించేలా క్రాప్ చేస్తే మిగిలేది తొమ్మిదో వంతు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 2.7 అవుతుంది. నాయిస్‌ని ఇప్పటి సాఫ్ట్‌వేర్లు బాగానే తగ్గిస్తున్నాయి గానీ, అసలు ఫొటోలో పడని ఈకల్ని ఎక్కణ్నుంచి తెస్తాయి? తిరుమల కొండల్లో రాళ్ల మధ్య తిరిగే పసుపు గొంతు బుల్‌బుల్ మనల్ని దగ్గరికి రానివ్వదు. తలకోనలో చెట్ల నీడ చిక్కగా ఉంటుంది, నిజమే. కానీ జెయింట్ స్క్విరల్ కొమ్మ మీద కదలకుండా కూర్చుని తింటున్నప్పుడు 1/250 చాలు. స్టెబిలైజేషన్ పనికొచ్చేది అక్కడే. కొమ్మ మీంచి కొమ్మకి దూకేటప్పుడు ఆశ వదులుకోవాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్లెమింగోల కోసమని 600 కొనకండి. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఆగితే అవి లోతులేని నీళ్లలో ఎక్కడో దూరంగా ఉంటాయి. ఎండెక్కాక నీటి మీద గాలి కదలాడుతుంది. ఆ కదిలే గాలిలోంచి 600 పెట్టినా 800 పెట్టినా పిట్ట అలలు అలలుగానే వస్తుంది. తప్పు లెన్సుది కాదు. తెల్లవారుజామునే వెళ్తే కొంత నయం. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ఆ బాధ తక్కువ. నీళ్లలోని చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులకు (పెలికాన్లకు) 400తోనే పని జరుగుతుంది.

అందుకే నా మొగ్గు 150-600 వైపు. అందులో మళ్లీ సిగ్మా కాంటెంపరరీనా, టామ్రాన్ జీ2నా అంటే, సెకండ్‌హ్యాండ్‌లో ఏది ఫంగస్ లేకుండా దొరికితే అది. రెండూ రెండు కిలోలకు అటూఇటూ. సిగ్మా స్పోర్ట్ దాదాపు 2.9 కిలోలు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకుండా వద్దు. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకి 200-500 ఎఫ్5.6 ఉంది, 2.3 కిలోలు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకి సోనీ 200-600, నికాన్ జడ్ 180-600 జూమ్ చేసినా ముందుకు సాగవు, మోనోపాడ్ మీద బరువు ఒకవైపు ఒరగదు. డబ్బుంటే అవే మేలు. కెనాన్ ఆర్ఎఫ్ 100-500 కిలోన్నర లోపే, కానీ చివర్లో ఎఫ్7.1, ధర కూడా ఘాటు.

100-400లు మంచివే, నడక ఎక్కువుండే వాళ్లకి. 70-200కి దూరాన్ని రెట్టింపు చేసే 2ఎక్స్ కన్వర్టర్ తగిలిస్తే 140-400 ఎఫ్5.6 అవుతుంది, అవసరానికి పర్వాలేదు.

70-200 వదిలేయమనడానికి ఇంకో కారణం ఉంది. తిరుపతిలో పెళ్లి ఫొటోగ్రాఫర్లకు కొదవా? తెలిసినవాళ్లని అడిగితే వాళ్ల బ్యాగులోని 70-200 ఒక్క రాత్రికి అద్దెకో, అరువుకో దొరుకుతుంది. 600 అలా దొరకడం కష్టం. ముహూర్తాల సీజన్‌లో మాత్రం ఆ 70-200 కోసం వారం ముందే చెప్పి పెట్టుకోండి.