బరువు మిషనా, దర్జీ టేపా: గుండె సంగతి దేనికి తెలుసు?

మా చిన్నాన్నకు ఇరవై ఏళ్లుగా ఒకే దర్జీ బట్టలు కుడుతున్నాడు. ఆ దర్జీ కొలతల పుస్తకంలో చిన్నాన్న పేరు కింద నడుము దగ్గర మొదట 34 అని ఉంటుంది. దాన్ని కొట్టేసి 35, అదీ కొట్టేసి 36, చివరికి 38. దసరాకు కొత్త ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్తే, "మాస్టారూ, నడుము మళ్లీ పెరిగింది. పాత ప్యాంట్లు వదులు చేద్దామన్నా కుట్లలో గుడ్డ మిగల్లేదు" అన్నాడట. సరిగ్గా ఆ నెలలోనే చిన్నాన్న పనిచేసే బడిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. బరువు 66 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 22.8. కార్డు మీద పచ్చ సిరాతో 'సాధారణం' అని రాసి ఇచ్చారు. నడుము ఎవరూ కొలవలేదు. సంక్రాంతి వెళ్లిన వారానికి ఛాతీ నొప్పితో ఆయనను ఆసుపత్రిలో చేర్చాం. స్టెంటు వేయాల్సి వచ్చింది.

ఒక్క మనిషి కథతో సిద్ధాంతం కట్టకూడదు. ఆయనకు రక్తపోటు ఉంది, తాతయ్యదీ గుండె జబ్బే. కానీ పచ్చ సిరా కార్డు ఒక మాట, దర్జీ పుస్తకం ఇంకో మాట చెప్పినప్పుడు దేన్ని నమ్మాలనే ప్రశ్న అప్పటినుంచి నన్ను వదల్లేదు. పరిశోధనలు తిరగేస్తే, వైద్య లోకంలో ఈ తగువు డెబ్బై ఏళ్లకు పైగా నడుస్తోందని తెలిసింది.

ముందుగా బరువు మిషను సంగతి. బరువును ఎత్తుతో ముడిపెట్టే లెక్కను 1830లలో రూపొందించిన అడాల్ఫ్ కెట్లే వైద్యుడు కాదు, బెల్జియం దేశపు ఖగోళ, గణిత శాస్త్రవేత్త. సమాజంలో 'సగటు మనిషి' ఎలా ఉంటాడో అంకెల్లో పట్టుకోవాలన్నది ఆయన తపన. కొవ్వు గురించి, గుండె గురించి ఆయనకు ఏ ఆలోచనా లేదు. ఆ లెక్కకు బీఎంఐ అని పేరు పెట్టి వైద్యంలోకి తెచ్చింది అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం, 1972లో. ఐదు దేశాలకు చెందిన ఏడు వేల పైచిలుకు మందిని కొలిచి ఆ సూచిక మేలని తేల్చారు. వారందరూ మగవారే. భారతదేశం ఆ ఐదింటిలో లేదు.

అయినా బీఎంఐ నిలబడటానికి కారణం ఉంది. మిషను ఎక్కితే ఎవరు చూసినా అదే అంకె వస్తుంది. లక్షలమందిని కొలిచే సర్వేలకు అంతకన్నా సులువైన సాధనం లేదు. దాని లోపం కూడా అక్కడే ఉంది. అరవై ఆరు కిలోల్లో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరింది అన్నది మిషనుకు పట్టదు. కబడ్డీ ఆడే కుర్రాడికీ కుర్చీ వదలని ఉద్యోగికీ ఒకే బీఎంఐ రావచ్చు.

ఈ 'ఎక్కడ' అన్న ప్రశ్నను గట్టిగా వేసినవాడు ఫ్రాన్సులోని మార్సెయ్ నగరపు వైద్యుడు జాఁ వాగ్. కొవ్వు తుంటికీ తొడలకూ పట్టినవారి కంటే ఒంటి పైభాగానికి పట్టినవారికే మధుమేహం, గుండె జబ్బులు ఎక్కువని ఆయన 1947లోనే రాశాడు. చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ మాటకు ప్రపంచమంతటి నుంచి సాక్ష్యం తెచ్చింది ఇంటర్‌హార్ట్ అధ్యయనం. గుండె వైద్య నిపుణుడు సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో సుమారు 27 వేల మందిని పరిశీలించారు. గుండెపోటు వచ్చినవారినీ రానివారినీ పక్కపక్కన పెట్టి చూస్తే బీఎంఐతో కనిపించిన సంబంధం బలహీనంగా తేలింది. నడుము కొలతను తుంటి కొలతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మాత్రం మెట్టు మెట్టుగా పెరిగేకొద్దీ ముప్పూ మెట్టు మెట్టుగా పెరిగింది. 2005లో ఈ ఫలితం వెలువడిన తర్వాత టేపును తేలిగ్గా తీసిపారేయడం కష్టమైంది.

మన విషయానికి వస్తే నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా తోచేది ఒక ఫొటో. పుణేలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఆ ఫొటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అదే సూచిక, రెట్టింపుకు మించిన కొవ్వు. ఈ తేడా కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం చూపింది. పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లలకు కండ బాగా తక్కువ, పొట్ట అవయవాలు చిన్నవి, చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. సన్నటి చేతులు, సన్నటి కాళ్లు, ముందుకు వచ్చిన పొట్ట ఉన్న మనిషిని మన వీధుల్లో ఎంతమందిని చూస్తామో! మనం అతన్ని లావు అనం. 'కాస్త పొట్ట వచ్చింది, అంతే' అంటాం.

ఆ 'అంతే' అన్న మాట దగ్గరే ప్రమాదం దాగి ఉంది. చర్మం కింద చేరే కొవ్వు ఒక గాదె లాంటిది. మిగిలిన శక్తిని దాచి ఉంచుతుంది. కొందరికి ఆ గాదె చిన్నది, అది త్వరగా నిండిపోతుంది. తర్వాత వచ్చే కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, చివరికి కండరాల్లో కూడా చేరుతుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి రక్తం నేరుగా కాలేయానికే వెళ్తుంది. కాలేయం కొవ్వుతో బరువెక్కి ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ రేణువులు చిన్నవై, చిక్కబడి, రక్తనాళాల గోడల్లోకి సులువుగా దూరతాయి. ఇదంతా జరుగుతున్నా మొత్తం బరువు కిలో కూడా మారకపోవచ్చు. నలభై దాటాక ఏటా కొంత కండ కరిగి, దాని చోటును కొవ్వు ఆక్రమిస్తే మిషనుకు తేడా తెలియదు. టేపుకు తెలుస్తుంది. చిన్నాన్నకు జరిగింది అదేనని నా నమ్మకం: పదేళ్లుగా 65, 66 కిలోలే, నడుము మాత్రం 34 నుంచి 38.

దేశం మొత్తం మీద చూసినా ఇదే తేడా కనిపిస్తుంది. చెన్నై మధుమేహ పరిశోధన సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి లక్షా పదమూడు వేల మందితో చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవారు 28.6 శాతం. నడుము ప్రకారం అయితే 39.5 శాతం. అంటే నూటికి కనీసం పది, పదకొండు మందికి బరువు మిషను ఊబకాయం లేదని చెబుతుంటే టేపు ఉందంటోంది. మన నిపుణులు 2009లోనే బీఎంఐ హద్దులను మనవాళ్లకు తగ్గించి, 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అన్నారు. ఆ తగ్గించిన హద్దు కూడా 22.8 ఉన్న మా చిన్నాన్నను పట్టుకోలేకపోయింది.

టేపే మేలు అనుకున్నాక, ఏ లెక్కతో చూడాలి? తుంటితో భాగించే నిష్పత్తి పరిశోధనకు మంచిదే కానీ ఇంట్లో తలనొప్పి. రెండు కొలతలు తీయాలి. పైగా మనిషి తగ్గితే నడుమూ తుంటీ రెండూ తగ్గి నిష్పత్తి కదలకపోవచ్చు. రెండో లెక్క, మనవాళ్లకు మగవారైతే 90, ఆడవారైతే 80 సెంటీమీటర్లు అన్న హద్దు. గుర్తుపెట్టుకోవడం సులువు. కానీ ఐదడుగుల మనిషికీ ఆరడుగుల మనిషికీ ఒకే హద్దు న్యాయం కాదు. మూడోది, నడుము ఎత్తులో సగానికి తక్కువ ఉండాలన్నది. బ్రిటన్ శాస్త్రవేత్త మార్గరెట్ ఆష్‌వెల్ దీనికోసం ఏళ్ల తరబడి వాదించారు. ఆ దేశపు వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2022లో దీన్ని తన సూచనల్లో చేర్చింది. 152 సెంటీమీటర్ల ఎత్తున్న ఆడమనిషికి హద్దు 80 కాదు, 76. మన ఎత్తులకు ఇదే సరిగ్గా అతుకుతుందని నా అభిప్రాయం. టేపు కూడా అక్కర్లేదు: మీ ఎత్తంత దారం తెంచి, సగానికి మడిచి నడుముకు చుట్టండి. కొసలు కలవకపోతే ఆలోచించాల్సిందే.

కొలవడంలో మాత్రం అందరూ తప్పు చేస్తారు. ప్యాంటు నంబరు కొలత కాదు. చాలామంది పొట్ట కిందకు బెల్టు పెట్టి ఏళ్ల తరబడి 34లోనే ఉన్నామనుకుంటారు. మా చిన్నాన్న బొడ్డు మీద ప్యాంటు కట్టే పాతకాలపు మనిషి కాబట్టే దర్జీ పుస్తకం నిజం చెప్పింది. మొలతాడు కూడా పొట్ట కిందే ఉంటుంది కనుక దాన్ని నమ్మకూడదు. వేలితో తడిమి చివరి పక్కటెముక అడుగు అంచు చూడాలి. తుంటి ఎముక పై అంచు చూడాలి. ఆ రెండింటికీ నడిమధ్య, చర్మం మీదే, టేపు నేలకు సమాంతరంగా చుట్టాలి. చీర కట్టేవారు లంగా బొందు పడిన గాడిలో కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో చదవాలి. రెండుసార్లు కొలవాలి. ఇంత చెప్పాల్సి రావడమే టేపుకున్న లోపం. కొలిచే చేయి మారితే అంకె మారుతుంది. గర్భిణులకు, పొట్టలో నీరు చేరినవారికి ఇది పనికిరాదు.

బరువు మిషను అవతల పారేయమని నేను అనడం లేదు. గుండె బలహీనమై నీరు పట్టే జబ్బు ఉన్నవారు రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే, వెంటనే వైద్యుడికి చెప్పాలి. కారణం లేకుండా బరువు తగ్గడాన్నీ, పిల్లల ఎదుగుదలనూ మిషనే పట్టిస్తుంది. బీఎంఐ 35 దాటినవారికి నడుము కొలత కొత్తగా చెప్పేది పెద్దగా ఉండదు.

మందుల పరిశోధన కూడా ఈ తగువులో ఒక మాట చెప్పింది. అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మందితో బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్ మీద జరిగిన సెలెక్ట్ పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. ఆ లెక్కలను మళ్లీ విడదీసి 2025లో ప్రచురించారు. ఎన్ని కిలోలు తగ్గారన్నదానికీ గుండెకు కలిగిన మేలుకూ పొంతన కుదరలేదు. నడుము తగ్గుదలతో మాత్రం సుమారు మూడో వంతు మేలుకు సంబంధం కనిపించింది. మిగతా రెండు వంతులు వేరే దారుల్లో వచ్చి ఉండాలి, కాబట్టి టేపు కూడా అన్నీ చెప్పదు. రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలకు అది బదులు కాదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక చిన్నాన్న రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నారు. మూడు పూటల అన్నాన్ని ఒక పూటకు తగ్గించి, పప్పూ కూరలూ పెంచారు. తృణధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్కను పిన్నికి నేనే చదివి వినిపించాను. ఎనిమిది నెలల్లో ఆయన తగ్గింది రెండు కిలోలే. మొదట్లో ఆ అంకె చూసి నీరసపడేవారు. మొన్న దర్జీ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. దర్జీ టేపు చుట్టి, కళ్లద్దాలు సర్దుకుని, ఇంకోసారి చుట్టి చూశాడు. 38 కొట్టేసి 35 అని రాశాడు. చిన్నాన్న ఎత్తులో సగం ముప్పై మూడున్నర అంగుళాలు. ఇంకా ఒకటిన్నర ఉంది.