నేల తేమ కొలవడానికి ఏది మేలు: గుచ్చే సెన్సరా, న్యూట్రాన్ లెక్కా, ఉపగ్రహమా?

ఒక కొండవాలు మీద వాన పడింది. అందులో ఎంత మట్టిలో నిలిచింది, ఎంత కిందికి ఇంకింది, ఎంత పక్కకు జారి వాగులో కలిసింది? నేల మీదా నేలలోనూ నీటి నడకను చదివే హైడ్రాలజిస్టుల పని చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. వానను కొలవడం తేలికే, వాగును కొలవడం కూడా ఫర్వాలేదు. మధ్యలో ఉన్న మట్టితోనే తంటా అంతా. దాని తేమ తెలుసుకోవడానికి ఇవాళ మూడు దారులు బాగా వాడుకలో ఉన్నాయి. ఏది ఎక్కువ కచ్చితమైనది అని అడుగుతుంటారు గానీ, అసలు ఈ మూడూ కొలిచేది ఒకదాన్ని కాదు.

మూడింటికీ పెద్దదిక్కు ఓవెన్. 100 ఘన సెంటీమీటర్ల ఉక్కు రింగును నేలలోకి దించి, మట్టి చెదరకుండా బయటికి తీసి, తూచి, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూస్తారు. తడిగా 172 గ్రాములు, ఆరాక 150 గ్రాములు ఉందనుకోండి. పోయిన 22 గ్రాములూ నీళ్లే. ఘనపరిమాణం లెక్కన తేమ 22 శాతం. అదే బరువు లెక్కన చూస్తే 15 శాతం కూడా లేదు. ఎవరైనా తేమ ఇంత శాతం అని చెబితే, ఏ లెక్కన అని ముందు అడగడం మంచిది. ఓవెన్ మాటకు తిరుగులేదు, కానీ తవ్వి తీసిన చోట రేపు మళ్లీ కొలవలేం. అందుకని దాన్ని పోటీలో పెట్టకుండా మిగతావాటిని సరిచూసుకోవడానికి వాడతారు.

ఇక గుచ్చే సెన్సర్లు. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అనే విద్యుత్ గుణం నీటికి దాదాపు 80, పొడి మట్టికి 3 నుంచి 5, గాలికి 1. ఇంత తేడా ఉంది కాబట్టే మట్టిలో నీళ్లు ఏ కాస్త పెరిగినా దొరికిపోతాయి. టీడీఆర్ అనే పద్ధతిలో నేలలోకి దించిన లోహపు కడ్డీల వెంట ఒక విద్యుత్ తరంగాన్ని పంపి, అది చివరిదాకా వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని చూస్తారు. తేమ ఎక్కువైతే తరంగం నెమ్మదిస్తుంది. ఆ సమయం నుంచి తేమను లెక్కగట్టే సూత్రాన్ని టాప్, డేవిస్, అన్నన్ 1980లో ఇచ్చారు, ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అదే విద్యుత్ గుణాన్ని మరో దారిలో పట్టే కెపాసిటెన్స్ సెన్సర్లు ఇంతకంటే చవక. కాకపోతే ఉప్పు, బంకమట్టి, వేడి వాటిని తొందరగా తికమక పెడతాయి.

సెన్సర్ నాణ్యత సంగతి అటుంచితే, దాన్ని గుచ్చడమే పెద్ద పని. కడ్డీలు సమాంతరంగా దిగాలి. దించేటప్పుడు రాయి తగిలి చెయ్యి కాస్త కదిలిందా, కడ్డీ చుట్టూ సన్నని గాలి సందు మిగిలిపోతుంది. గాలి విలువ 1 కాబట్టి ఆ సందు పొడిగా ఉన్నంతకాలం తేమ తక్కువ చూపిస్తుంది, వాన పడి నీళ్లు నిండితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. గ్రాఫులో అది నీరు వేగంగా ఇంకినట్టు ముచ్చటగా కనిపిస్తుంది! బంకమట్టి ఎండి బీటలు తీసినప్పుడు కూడా ఇదే తంతు. పైగా ఇంత కష్టపడి గుచ్చినా అది చూసేది కడ్డీల చుట్టూ కొద్ది సెంటీమీటర్ల మట్టినే.

అయినా వాలు మీద నీటి నడకను పట్టిచ్చింది ఈ పద్ధతే. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కు దగ్గర్లోని టర్రవారా అనే 10.5 హెక్టార్ల చిన్న పరీవాహక ప్రాంతంలో వెస్టర్న్, గ్రేసన్ బృందం 1990ల మధ్యలో పైన 30 సెంటీమీటర్ల మట్టి తేమను వందల చోట్ల, వేర్వేరు రుతువుల్లో టీడీఆర్‌తో కొలిచింది. తడి కాలపు పటంలో పల్లాలు, నీరు చేరే మడతలు స్పష్టంగా తేలాయి. అంటే నీరు మట్టి లోపల పక్కకు ప్రయాణిస్తోంది. ఎండాకాలపు పటంలో ఆ ఆకారమే లేదు, అక్కడొక చుక్కా ఇక్కడొక చుక్కా. అప్పుడు నీరు వేర్ల ద్వారా పైకి పోవడమో, ఉన్నచోటే కిందికి ఇంకడమో తప్ప పక్కకు కదలడం లేదు. నీరు పల్లమెరుగు అంటాం గానీ, నేల బాగా ఎండినప్పుడు మట్టిలోని నీటికి పల్లంతో పనిలేదు.

సగటు చూపించే పరికరంతో ఈ సంగతి బయటపడేది కాదు. కాస్మిక్ న్యూట్రాన్ డిటెక్టర్‌తో నాకున్న పేచీ ఇదే. ఆలోచన మాత్రం అద్భుతం. కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో, నేలలో వేగంగా పోయే న్యూట్రాన్లు పుడుతుంటాయి. నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకం బరువు న్యూట్రాన్‌కు దాదాపు సమానం. గోళీ వెళ్లి అంతే బరువున్న గోళీని కొట్టినట్టు, హైడ్రోజన్‌ను గుద్దుకున్న న్యూట్రాన్ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి మట్టిలో నీరు ఎక్కువైతే నేల పైకి వచ్చే వేగమైన న్యూట్రాన్లు తగ్గుతాయి. నేలను తవ్వక్కర్లేదు, డిటెక్టర్‌ను నేలకు కాస్త ఎత్తున నిలబెడితే చాలు. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన మారెక్ జ్రెడా బృందం 2008లో దీన్ని ముందుకు తెచ్చింది. మొదట్లో చుట్టూ 300 మీటర్ల దాకా చూస్తుందన్నారు, 2015లో వచ్చిన లెక్కలు దాన్ని 130 నుంచి 240 మీటర్లకు తగ్గించాయి. లోతు కూడా స్థిరం కాదు. తడి నేలలో 15 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది, బాగా పొడి నేలలో 80 దాకా పోతుంది. గాలి పీడనం, గాలిలో తేమ, సూర్యుడి చురుకుదనం, మొక్కల్లోని నీరు, మంచు అన్నింటికీ సవరణలు చెయ్యాలి. ఒక పొలానికి ఒకే నమ్మకమైన అంకె కావాలంటే దీన్ని మించింది లేదు. కానీ మిట్ట ఎండి పల్లం తడిస్తే దాని అంకె మారకుండా ఉండిపోవచ్చు.

ఉపగ్రహాల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. యూరప్ వాళ్ల స్మాస్ 2009 నవంబరులో, నాసా వాళ్ల స్మాప్ 2015 జనవరిలో పైకి వెళ్లాయి. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర నేల నుంచి సహజంగా వచ్చే మైక్రోవేవ్ కాంతిని చూసి తేమ లెక్కగడతాయి. రెండు మూడు రోజులకోసారి ప్రపంచం మొత్తం వస్తుంది, కరువు గమనించడానికీ వాతావరణ అంచనాలకూ బంగారం లాంటి సమాచారం. కానీ అది చూసేది పైన 5 సెంటీమీటర్లే, అడవి దట్టంగా ఉంటే అదీ కష్టం. వివరంగా చూపాల్సిన స్మాప్ రాడార్ 2015 జూలైలోనే పాడైపోయింది. మిగిలిన రేడియోమీటర్‌కు, అంటే ఆ సహజ మైక్రోవేవ్‌ను చూసే పరికరానికి, ఒక్క చుక్క అంటే దాదాపు 40 కిలోమీటర్లు. అంత చదరంలో టర్రవారా లాంటివి పదిహేను వేలు పడతాయి. వాలు మీద నీరు ఎటు పోతోందో దాన్ని అడగడం అన్యాయం.

కాబట్టి ప్రశ్న నీటి ప్రయాణం గురించే అయితే నా ఓటు సెన్సర్లకే. వందల చోట్ల గుచ్చాల్సిన పనీ లేదు. కొన్ని చోట్లు ఏ కాలంలోనైనా మొత్తం పొలం సగటుకు దగ్గరగానే ఉంటాయని వాషో బృందం 1985లోనే చూపించింది. చేత్తో పట్టుకుని కొలిచే పరికరంతో తడి రోజుల్లో, పొడి రోజుల్లో కొన్నిసార్లు తిరిగితే అలాంటి చోట్లు బయటపడతాయి. అక్కడొకటి, మిట్ట మీదొకటి, పల్లంలో ఒకటి, ఒక్కోచోట మూడు లోతుల్లో పెడితే చాలా కథ తెలుస్తుంది.

మొత్తం కథ మాత్రం కాదు. అమెరికాలో జార్జియాలోని పనోలా కొండవాలు అడుగున 20 మీటర్ల కందకం తవ్వి, వానవానకూ ఎంత నీరు దిగుతోందో చూశారు. దాదాపు 55 మిల్లీమీటర్ల వాన దాటేదాకా పెద్దగా ఏమీ రాలేదు, దాటాక ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగింది. కారణం పైమట్టిలో లేదు. అడుగు రాతిలోని గుంటలు ముందు నిండాలి, నిండి పొర్లి ఒకదానితో ఒకటి కలవాలి, అప్పుడే నీరు కిందికి దిగుతుంది. పైపైన గుచ్చిన సెన్సర్‌కు ఈ గుంటల ఊసే తెలియదు.

ఇంకో చిక్కు. తేమ శాతం ఎంత ఉందో తెలిసినా నీరు ఎటు కదులుతుందో తెలియదు. 10 శాతం తేమ ఉన్న ఇసుక నుంచి 20 శాతం ఉన్న బంకమట్టిలోకి నీరు పోవచ్చు, ఎందుకంటే బంకమట్టి లాగే బలం ఎక్కువ. ఆ లాగుడును కొలిచేది టెన్షియోమీటర్: నీళ్లు నింపిన గొట్టం, చివర సన్నని రంధ్రాల పింగాణీ కప్పు, పైన పీడనం చూపే మీటరు. ఖరీదు తక్కువ, కాబట్టి ప్రతి సెన్సర్ పక్కన ఒకటి పెట్టుకోవచ్చు. 80 కిలోపాస్కల్స్ దాటితే లోపల బుడగలు వచ్చి పనిచెయ్యదని చాలామంది దాన్ని పక్కన పెడతారు. నేల అంత ఎండే సరికి నీరు వాలు వెంట కదలడం ఎలాగూ ఆగిపోయి ఉంటుంది కాబట్టి, ఈ పనికి అది పెద్ద లోటేం కాదు.